లెక్కకు రాని శ్రమ

పొయ్యి మీద పాలు పొంగిపోయినప్పుడల్లా అమ్మ నన్ను "వట్టి పరధ్యానపు పిల్లవి" అని తిట్టేది. అన్నయ్య క్లాసులో కుదురుగా కూర్చోకపోతే మాత్రం మాస్టారు నాన్నకి కబురు పంపేవారు. అల్లరిని పట్టించుకునేవారు, పరధ్యానాన్ని తిట్టి వదిలేసేవారు. 46వ ఏట నాకున్నది ఏడీహెచ్‌డీ అనీ, ధ్యాస నిలపడంలోనే నాకు ఇబ్బంది ఉందనీ డాక్టరు చెప్పింది. ఈ తేడా మా ఇంటిదేనా అని ఆ పేరు చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

1902లో లండన్‌లో పిల్లల వైద్యుడు జార్జ్ స్టిల్ తన ఉపన్యాసాల్లో ఇలాంటి పిల్లల గురించి చెప్పాడు. అతను వివరించిన 20 మందిలో 15 మంది మగపిల్లలే. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టే పిల్లలే వైద్యుడి కళ్ళబడ్డారు. 1968లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వర్గీకరణ గ్రంథంలో దీన్ని బాల్యంలో కనిపించే అతిచలనంగా పేర్కొంది. అంటే పెద్దవాళ్ళు లేరు, కదలకుండా కూర్చుని కిటికీలోంచి చూసే ఆడపిల్లా లేదు. 1980లో గానీ, అతిచలనం లేకుండా కూడా ధ్యాసలోపం ఉండవచ్చని ఆ గ్రంథం ఒప్పుకోలేదు.

ఇంకో విచిత్రం. 1944లో స్విట్జర్లండ్‌లో లియాండ్రో పానిజాన్ తయారుచేసిన మందుకి రిటాలిన్ అన్న పేరు అతని భార్య రీటా పేరు మీదుగా వచ్చింది. ఆడమనిషి పేరున్న ఆ మందు దశాబ్దాల తరబడి ఎక్కువగా మగపిల్లలకే అందింది.

1994 నాటి లక్షణాల జాబితాలో, చాలాసేపు మనసు పెట్టాల్సిన పనుల్ని తప్పించుకోవడం ఒకటి. అక్కడే నేను ఆగిపోయాను. నేను ఏ పనీ తప్పించుకోలేదు. పగలు దిద్దలేని పేపర్లు రాత్రి రెండింటికి లేచి దిద్దాను. గ్యాసు కట్టానా లేదా అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఎగ్గొట్టిన పని జాబితాకెక్కుతుంది. చెయ్యడానికి పడిన శ్రమకి అందులో గడి లేదు.

అన్నయ్యదీ సుఖమేమీ కాదు, మూడు ఉద్యోగాలు పోయాయి. కానీ అతను మర్చిపోయినవి గుర్తుచెయ్యడానికి మొదట అమ్మ, తర్వాత వదిన ఉన్నారు. నేనో? నావీ, ఇంటిల్లిపాదివీ నేనే గుర్తుంచుకోవాలి. ఇంటి జ్ఞాపకమంతా ఆడవాళ్ళే మోయాలన్న నియమం ఉన్నచోట, మతిమరుపు మగవాడికి అలవాటు, ఆడదానికి నేరం.

లక్షణాలు ఏడేళ్ళలోపే కనిపించి ఉండాలన్న నిబంధనని 2013లో పన్నెండేళ్ళకి సడలించారు. పెద్దయ్యాక గుర్తించినవాళ్ళలో స్త్రీపురుషుల సంఖ్యల మధ్య తేడా చిన్నపిల్లల్లో ఉన్నంత లేదు. అంటే ఆడపిల్లలు మొదటినుంచీ ఉన్నారు, ఎవరూ చూడలేదు.

ఇది వంశంలో నడుస్తుందని చదివి, మొన్న అమ్మని అడిగాను: "నీకెప్పుడూ పాలు పొంగలేదా?" అని.

"పెళ్ళైన కొత్తలో రోజూ పొంగేవి. మీ నాయనమ్మ మాటలు పడలేక, ఆ తర్వాత కాగిందాకా పొయ్యి దగ్గర్నుంచి కదిలేదాన్ని కాదు" అంది.