"రాలేదేటిరా?": తాలింఖానా నుంచి వాట్సాప్ గ్రూపు దాకా

ఒక చిన్న ప్రశ్నతో మొదలెడదాం. మీ ఫోన్లో చచ్చిపోయిన వాట్సాప్ గ్రూపులు ఎన్నున్నాయి? వాటిలో "ఫిట్‌నెస్", "మార్నింగ్ వర్కౌట్", "30 రోజుల ఛాలెంజ్" లాంటి పేర్లున్నవి ఎన్ని? నా ఫోన్లో మూడున్నాయి. ఒకటి నేను పెట్టిందే. అది ఎలా చచ్చిపోయిందో ముందు చెప్తాను. తర్వాత ఒక వందేళ్లు వెనక్కి వెళ్దాం. ఎందుకంటే, కలిసి కసరత్తు చెయ్యడం ఎలాగో మన జిల్లాకి ఫోన్లు రాకముందే బాగా తెలుసు. మధ్యలో మనమే మర్చిపోయాం.

2020 మార్చి. లాక్‌డౌన్. మాది పలాస నుంచి వజ్రపుకొత్తూరు వైపు వెళ్లే దారిలో ఒక ఊరు. చుట్టూ జీడితోటలు, కొబ్బరి. అంతకు ఏడాదిన్నర క్రితం తిత్లీ తుఫాను పడగొట్టినవి పోగా మిగిలిన చెట్లు. హైదరాబాద్, విశాఖ, చెన్నై వెళ్లిన కుర్రాళ్లంతా ఇళ్లకొచ్చేశారు. పనిలేదు, కాలు బయట పెట్టడానికి లేదు. సరే అని నేనొక గ్రూపు పెట్టాను. 23 మందిమి. ఎవరింట్లో వాళ్లు పొద్దున్నే కసరత్తు చేసి, చెమటతో ఒక ఫోటో పెట్టాలి. అంతే రూలు.

మొదటి రోజు 23 ఫోటోలు. ఐదో రోజుకి 14. పన్నెండో రోజుకి నాలుగు. ఇరవయ్యో రోజున నేనొక్కడినే "గుడ్ మార్నింగ్, లేచారా" అని పెట్టాను. 19 మంది చూశారు. ఒక్కడూ పలకలేదు.

నేనేం చేశానో తెలుసా? కోట్స్ పెట్టాను. సింహం బొమ్మ, కింద ఇంగ్లిష్‌లో రెండు లైన్లు. కండలవీరుడి వీడియో. రోజుకి రెండు మూడు. "మోటివేషన్" అంటే అదే అనుకున్నాను.

ఇంకో సంగతి. పదకొండో రోజున ఒకడి ఫోటో రాలేదు. మా వీధివాడే, నాకు వరసకి బావ అవుతాడు. అప్పటిదాకా రోజూ మొదటి ఫోటో వాడిదే. నేను గమనించాను. "బద్ధకం పట్టింది" అనుకుని ఊరుకున్నాను. రెండు నెలల తర్వాత తెలిసింది, ఆ వారమే వాళ్ల నాన్నకి డయాలసిస్ మొదలైందని. వారానికి రెండుసార్లు తెల్లవారుజామునే బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. ఉద్దానంలో ఈ మాట చెప్తే ఎవరికీ వివరించక్కర్లేదు. మా దగ్గర ప్రతి ఊళ్లో అలాటి ఇల్లుంటుంది.

నాలుగు ఇళ్ల అవతల ఉన్న మనిషి. నేను 40 కోట్స్ పెట్టాను గానీ, "బావా, రాలేదేటి?" అని ఒక్క ఫోన్ చెయ్యలేదు. ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క మాట గురించే.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం.

మన ఉత్తరాంధ్రలో జిమ్ అనే మాట రాకముందు తాలింఖానా ఉండేది. కొన్నిచోట్ల వ్యాయామశాల అనేవారు. పెద్ద ఖర్చేం లేదు. ఒక పాక, మెత్తగా తవ్విన మట్టి, గోడకి ఆంజనేయుడి పటం, రెండు గదలు, ఒక రాతిగుండు. దండీలు, బస్కీలు, కుస్తీ, కర్రసాము. జాతరల్లో, దసరాల్లో మీరు చూసే కర్రసాము వెనక ఉన్నది ఈ పాకలే. అక్కడ ఒక గురువుగారుండేవారు. పక్కవాడు చూస్తుండగా, గురువు లెక్కపెడుతుండగా చెయ్యాలి. నువ్వు పది తీస్తే పదీ అందరికీ తెలుస్తాయి. నువ్వు రాకపోతే నీ చోటు ఖాళీగా కనిపిస్తుంది. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

ఆ లోకం నుంచి వచ్చినవాడే కోడి రామమూర్తి నాయుడు. శ్రీకాకుళంలో స్టేడియం పేరు చూసుంటారు కదా, ఆయన పేరే. 1880ల్లో వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగారు, అక్కడే కుస్తీ, కసరత్తు నేర్చుకున్నారు. అందరూ ఆయన గురించి చెప్పేది ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నారని, ఇనుప గొలుసులు తెంచారని, కారుని కదలకుండా ఆపారని. దేశమంతా సర్కస్‌తో తిరిగారు. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులెస్ అన్నారు. 1942లో పోయారు.

కానీ నాకు ఆయన జీవితంలో బాగా నచ్చే ముక్క ఏనుగు కాదు. సర్కస్‌కి ముందు ఆయన మద్రాసు సైదాపేట వెళ్లి వ్యాయామ ఉపాధ్యాయుడిగా శిక్షణ తీసుకున్నారు. తిరిగొచ్చి విజయనగరంలో బడి పిల్లలకి డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు. అంటే భీముడంతటి మనిషి కూడా ఒకరి కింద నేర్చుకుని, వరసలో నిలబెట్టి పదిమందికి నేర్పినవాడే. ఒంటరిగా గదిలో కూర్చుని మోటివేట్ అయినవాడు కాదు.

ఇంకాస్త దగ్గరికి వద్దాం. ఆమదాలవలస, ఊసవానిపేట. 1975లో అక్కడ పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబర్ 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చారు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. అంతకుముందే 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్.

ఇది జీకే బిట్టు, మీకు తెలిసిందే. అయితే ఆవిడ ఒక్కరే కాదు, ఆ ఇంటి అక్కచెల్లెళ్లు కలిసి బరువులెత్తారు. నీలంశెట్టి అప్పన్న అనే గురువుగారు అదే ఊళ్లో పిల్లలకి నేర్పేవారు. మొదట్లో మల్లీశ్వరి మరీ బక్కగా ఉందని వద్దన్నారని, అమ్మ ధైర్యం చెప్పిందని ఆవిడే చాలాసార్లు చెప్పారు. క్యాంపుకి కూడా మొదట ఆటగత్తెగా కాదు, సెలెక్టయిన అక్కకి తోడుగా వెళ్లారంటారు. చూడండి: ఇంట్లో అక్క, ఊళ్లో గురువు, వెనక అమ్మ. పొద్దున్న లేవనంటే లేపేవాళ్లు అంతమంది.

ఇప్పుడు మీరడగొచ్చు: "అన్నా, అదంతా ఒకచోట చేరి చేసేది. మేం ఇంట్లో చేస్తాం, గ్రూపు ఫోన్లో ఉంది. దానికేటి దారి?" మంచి ప్రశ్న. దీనికి జపాన్ వెళ్దాం.

1928 నవంబర్. జపాన్‌లో రేడియో కసరత్తులు మొదలయ్యాయి. వాళ్ల భాషలో రాజియో తైసో. పియానో వాయిస్తూ ఒకాయన రేడియోలో లెక్క చెప్తుంటే, దేశంలో ఎవరున్నచోట వాళ్లు చెయ్యాలి. మొదలెట్టింది ఎవరనుకున్నారు? పోస్టాఫీసు జీవితబీమా విభాగం. జనం ఆరోగ్యంగా ఉంటే వాళ్లకీ లాభమే కదా. యుద్ధం ఓడిపోయాక కొన్నాళ్లు ఆగి, 1951లో కొత్త రూపంలో మళ్లీ వచ్చింది. ఇప్పటికీ నడుస్తోంది. ఇన్నేళ్లు నిలబడిందంటే కిటుకు రేడియో ఒక్కటే కాదు. వేసవి సెలవుల్లో పిల్లలు పొద్దున్నే వీధి పార్కుకొస్తారు, మెడలో ఒక అట్ట కార్డు వేలాడుతుంటుంది. కసరత్తు అయ్యాక పెద్దవాళ్లు దాని మీద ముద్ర వేస్తారు. వచ్చిన రోజుకి ముద్ర, రాని రోజుకి ఖాళీ గడి. అంటే గొంతు రేడియోది, హాజరు మాత్రం పక్కింటివాళ్లది.

2020లో ఇంగ్లండ్‌లో జో విక్స్ అనే ఆయన యూట్యూబ్‌లో లైవ్ కసరత్తు పెడితే మార్చి 24న 9,55,185 ఇళ్లు ఒకేసారి చూశాయి, గిన్నిస్ రికార్డు. గొప్పే. కానీ మీరు రేపు రాకపోతే జో విక్స్‌కి తెలీదు. పార్కులో ముద్ర వేసే అవ్వకి తెలుస్తుంది.

ఇంకొక్క ముక్క, సైన్స్ వైపు నుంచి. మా బారువ, భావనపాడు వైపు తీరంలో ఒడ్డు నుంచి పెద్దవల లాగడం చూశారా? రెండు తాళ్లు, ఒక్కో తాడుకి వరసగా మనుషులు. 1880ల్లో ఫ్రాన్స్‌లో రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత ఇలాగే తాడు లాగించి కొలిచాడు, 1913లో అచ్చు వేశాడు. తేలిందేంటి? మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుంది. ఎనిమిది మంది కలిస్తే ఒక్కొక్కరు తమ బలంలో సుమారు సగమే పెట్టారు. కొంత కారణం అందరూ ఒకేసారి లాగకపోవడం. అందుకే మనవాళ్లు "హైలెస్సా" అని గొంతు కలుపుతారు. ఇంకొంత కారణం, ఎవడెంత లాగాడో తాడు చెప్పదు.

తర్వాత 1920ల్లో బెర్లిన్‌లో కోహ్లర్ అనే ఆయన పడవ పోటీల క్లబ్బు కుర్రాళ్లతో ఇంకో పరీక్ష చేశాడు. ఇద్దరు కలిసి ఒకే బరువు ఎత్తుతూ ఉండాలి, ఒకడు ఆగిపోతే ఆట అయిపోయినట్టే. ఇక్కడ తిరగబడింది. బలహీనుడు ఒంటరిగా చేసినదానికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. ఎందుకంటే, తను ఆగితే పక్కవాడూ ఆగిపోవాలి. అదీ, ఇద్దరి మధ్య తేడా మరీ ఎక్కువా మరీ తక్కువా కానప్పుడు బాగా పనిచేసింది.

ఇప్పుడు నా గ్రూపుని చూడండి. 23 మంది. ఎవడు మానేసినా ఎవడికీ నష్టం లేదు. అది తాడు. నేను దాన్ని తాలింఖానా అనుకున్నాను.

అసలు తాలింఖానా మా కళ్ల ముందే ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకి టెక్కలి, పలాస, సోంపేట ఏ రోడ్డుకైనా వెళ్లండి. చీకట్లో అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఆర్మీ సెలక్షన్లకి తయారయ్యే కుర్రాళ్లు. ర్యాలీలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది. ఏళ్ల తరబడి పూర్తి మార్కులకి గడువు 5 నిమిషాల 30 సెకన్లు. పుల్‌అప్స్ పది తీస్తే 40 మార్కులు. వాళ్లెవరూ కోట్స్ చదివి లేవరు. నలుగురైదుగురు ఒక జట్టు. ముందు లేచినవాడు మిగతావాళ్ల గుమ్మం ముందు నిలబడి పిలుస్తాడు. పడుకున్నవాడిని వాళ్లమ్మ కూడా కాపాడదు.

మేం మళ్లీ మొదలెట్టాం. ఈసారి నలుగురం. ఒకడు హైదరాబాద్‌లో, ఒకడు గుజరాత్ వెరావల్‌లో బోటు మీద పనికెళ్తాడు, ఇద్దరం ఊళ్లో. ఎవరిచోట వాళ్లు, టైము ఒకటే. ఫోటోలు లేవు, అంకె పెట్టాలి: ఎన్ని దండీలు, ఎన్ని బస్కీలు. నలుగురి అంకెలూ కలిపితే వారానికి ఒక లెక్క, అది పూర్తవ్వాలి. ఒకడు తగ్గితే మిగతా ముగ్గురూ మొయ్యాలి. వేటకెళ్లినవాడికి సిగ్నల్ ఉండదు, ఒడ్డుకొచ్చాక రాస్తాడు, ఒప్పుకున్నాం. ఒక్క రూలు మాత్రం గట్టిది. రెండు రోజులు అంకె రాకపోతే మెసేజ్ కాదు, ఫోన్ చెయ్యాలి. తిట్టకూడదు. ముందు "ఏటైంది?" అనడగాలి.

ఉద్దానం వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. మన దగ్గర కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కాబట్టి ఎండెక్కాక చెయ్యొద్దు, నీళ్లు సరిగ్గా తాగండి. ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో మాత్రలు కొని మింగడం మానండి, కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీకి దెబ్బే. ప్రోటీన్ పౌడర్ మొదలెట్టే ముందు ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని డాక్టర్ని అడగండి. దీంట్లో మొహమాటం వద్దు.

ఆ నలుగురిలో ఊళ్లో నాతోపాటు ఉన్నది ఎవరో ఊహించే ఉంటారు. మా బావే. వాళ్ల నాన్నగారు పోయి అప్పటికి కొన్ని నెలలు. నేను గుమ్మం ముందుకెళ్లి నిలబడ్డాను. ఏం అనాలో తెలీలేదు. "రాలేదేటి?" అన్నాను, ఏడాది లేటుగా. "నువ్వు పిలవలేదేటి?" అన్నాడు. మర్నాడు వచ్చాడు. డయాలసిస్‌కి తిప్పిన రోజులు వాడొంట్లో కనిపించాయి, మొదటి రోజు ఎనిమిది దండీలే తీశాడు. మిగతావి మేం ముగ్గురం పంచుకున్నాం.

ఈ వీడియో అయ్యాక మీ చచ్చిపోయిన గ్రూపు తెరవండి. అందులో అందరికంటే ముందు మానేసినవాడి పేరు వెతకండి. మెసేజ్ వద్దు, ఫోన్ చెయ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.