ఉండి సీమలో పచ్చగడ్డి: ఎడము, అదను

వరి పండు సీమలో గడ్డికి కొరత యేమి యని ఎవరికైనను తోచవచ్చును. కాని పశ్చిమ గోదావరి జిల్లాలోని ఉండి ప్రాంతపు చరిత్ర చూచినచో, కాలువ నీరు వచ్చిన కొలది పచ్చగడ్డి తగ్గిన వైనము కనిపించును.

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైనది. కాలువలు పారిన భూములు క్రమముగా వరిచేలైనవి. పశువులు మేయు బీళ్ళు తగ్గినవి. వరిగడ్డి వాములు పెరిగినవి. వరిగడ్డి పశువు కడుపు నింపునేగాని, పాడికి వలసిన మాంసకృత్తులు అందు చాల తక్కువ. అందుచే డెల్టా రైతులు వరి కోతకు కొద్ది రోజుల ముందే, నిలిచియున్న పైరులో పిల్లిపెసర, జనుము విత్తనములు చల్లు పద్ధతి అవలంబించిరి. కోత పిదప నేలలో మిగిలిన తేమతోనే అవి పెరుగును. ఇది అదను నెరిగిన సేద్యము. అయినను ఈ మేత కొన్ని నెలలకే చాలును.

ఏడాది పొడుగున మేత నిచ్చు గడ్డి ఆఫ్రికానుండి వచ్చినది. బులవాయో పట్టణమునకు చెందిన కల్నల్ నేపియర్ పేర ప్రసిద్ధమైన ఏనుగు గడ్డి 1912లో మన దేశమున ప్రవేశించినది. దానిని సజ్జతో సంకరపరచి 1953లో కోయంబత్తూరున, 1961లో ఢిల్లీలో కొత్త రకములను సాధించిరి. ఏ.పి.బి.ఎన్-1 అను రకము హైదరాబాదులోని రాజేంద్రనగరమున రూపొందినది.

సజ్జ కణములో 14, నేపియర్ కణములో 28 క్రోమోసోములు ఉండును. వీనిలో సగము సగము చేరగా సంకరమునకు 21 వచ్చును. ఇవి సరిగా జతకూడలేవు; కనుక గింజ కట్టదు. రెండు మూడు కణుపులు గల కాండపు ముచ్చెలనో, వేరు పిలకలనో నాటవలెను. ఒక్కొక్క మొక్కను చేతితో నాటుటచే, ఎంత ఎడము ఉండవలెనన్న ప్రశ్న తప్పనిసరియైనది.

60 సెంటీమీటర్ల చదరమున నాటిన ఎకరమునకు సుమారు 11,200 ముచ్చెలు పట్టును. వరుసల నడుమ 90, మొక్కల నడుమ 60 సెంటీమీటర్లు విడిచినచో 7,500 చాలును. దగ్గరగా నాటిన ఆకులు త్వరగా నేలను కప్పును; కలుపు అణగును; తొలి కోతలు బాగుండును. ఎడముగా నాటిన దుబ్బు వెలుతురు దొరికి ఎక్కువ పిలకలు వేయును. కావున కోతలు గడచిన కొలది రెండింటి దిగుబడుల తేడా తగ్గుచుండును.

ఇచ్చట అదను ప్రవేశించును. వెచ్చదనమున నేపియర్ విరివిగా పిలకలు పెట్టును. చలిలో పెరుగుదల మందగించును. అప్పుడు నాటిన, ఎడము పూడుటకు చాల కాలము పట్టును. ఎడమెంతయని మాత్రమే చెప్పి నెల చెప్పనిచో, అది సగము జవాబే.

ఉండి వంటి పల్లపు సీమలో మరి రెండు చిక్కులు గలవు. వానకారున బంకమట్టి చేలలో నీరు నిలుచును; నేపియర్ వేరు దానికి ఓర్వదు. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. కనుక వేరే నీటి వసతి గల మెరకలలో ఫిబ్రవరి, మార్చి నెలలలో నాటిన, వానలు ముదురునాటికి దుబ్బు స్థిరపడును. వానలలో నాటవలసినచో బోదెలపై నాటుట మేలు. నీరు నిలుచు చోట నీటిని ఓర్చు పారా గడ్డియే తగినది. చేపల చెరువుల గట్లు కూడ నేపియర్‌కు అనువైన మెరకలే.

సొంత పొలము లేక రెండు గేదెలపై బ్రతుకు కుటుంబమునకు, గట్టు వెంబడి గడ్డి వరుస కొనవలసిన మేతను తగ్గించును. విద్యార్థులు బడి దొడ్డిలో రెండు చిన్న మళ్ళలో, రెండు ఎడములలో ముచ్చెలు నాటవచ్చును. సుమారు డెబ్బది దినములకు తొలి కోతను, తరువాత నలువది అయిదు దినముల కొకసారి వచ్చు కోతలను తూచి నెలవారీగా వ్రాసికొనవలెను. ఏడాది చివర ఆ లెక్కలే తమ ఊరి నేలకు తగిన ఎడమును చెప్పును.