నాలుక మీద గీసిన పటం

బళ్ళో చదివేటప్పుడు సైన్సు పాఠంలో నాలుక బొమ్మ ఒకటి ఉండేది. కొసన తీపి, పక్కల ముందువైపు ఉప్పు, వెనకవైపు పులుపు, నాలుక మొదట్లో చేదు. జిల్లాల పటంలా సరిహద్దులు గీసి మరీ. పరీక్షలో ఆ బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. ఏటా ఉగాదికి వేపపువ్వు నాలుక కొసకి తగలగానే మొహం చిట్లించుకున్నాను కూడా. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని ఒక్కసారీ తోచలేదు. నాకే కాదు, ఆ బొమ్మ చూసిన చాలామందికి తరాల తరబడి తోచలేదు.

కథ 1901లో జర్మనీలో మొదలైంది. ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రానికి ఆద్యుడైన విల్హెల్మ్ వుంట్ పత్రికలో హేనిగ్ అనే పరిశోధకుడి వ్యాసం అచ్చయింది. నాలుక అంచుల వెంబడి చోటు మారుస్తూ తీపి, ఉప్పు, పులుపు, చేదు ద్రావణాలు తగిలించి, ఎంత పలచగా ఉన్నా రుచి తెలుస్తోందో ఆయన కొలిచాడు. నాలుగు రుచులూ అంచుల పొడవునా తెలిశాయి. కాకపోతే తీపి కొసన, చేదు మొదట్లో ఇంకాస్త పలచని ద్రావణానికే తెలిశాయి. తేడా స్వల్పం. ఉన్నది అంతే.

1942లో హార్వర్డ్‌లో ఎడ్విన్ బోరింగ్ ఇంద్రియజ్ఞానం చరిత్ర మీద పెద్ద పుస్తకం రాస్తూ హేనిగ్ ఫలితాల్ని గ్రాఫుగా మళ్ళీ గీశాడు. ఏ రుచి ఎక్కడ ఎక్కువ తెలుస్తుందో అందులో కనిపిస్తుంది. ఎంత ఎక్కువో చెప్పే కొలమానం సరిగా లేదు. గీత కిందికి దిగినచోట 'తక్కువ' అనుకోవాల్సింది 'లేదు' అనుకున్నారు చదివినవాళ్ళు. నా ఉద్యోగంలో ఇది రోజూ చూసేదే. గ్రాఫుని సున్నా నుంచి మొదలెట్టకపోతే రెండు శాతం తేడా కూడా లోయలా కనిపిస్తుంది, మీటింగులో అందరూ కంగారు పడతారు. ఎవరూ అబద్ధం చెప్పి ఉండరు.

1974లో వర్జీనియా కాలింగ్స్ ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేసింది. చోటుని బట్టి తేడాలున్నాయి, కానీ లెక్కలోకి రానంత చిన్నవి. తర్వాత 2000 దశకంలో రుచి గ్రాహకాల జన్యువులు దొరికాక, అన్ని రుచుల్నీ పట్టే కణాలు నాలుక మీద రుచి మొగ్గలున్న ప్రతి ప్రాంతంలోనూ ఉన్నాయని తేలింది. పటం మాత్రం పాఠాల్లోంచి అంత తొందరగా పోలేదు.

పటంలో గదులు నాలుగే. 1908లోనే టోక్యోలో కికునాయె ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు పులుసులోంచి గ్లుటమేట్‌ని వేరుచేసి, దాని రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. పండిన టమాటాలోనూ ఉండేదే అది. ఐదో మూలరుచిగా దాన్ని ప్రపంచం ఒప్పుకోడానికి దాదాపు శతాబ్దం పట్టింది.

ఇంకో నష్టం కూడా ఉంది. రుచి మొత్తం నాలుక మీదే ఉందని ఆ బొమ్మ మనల్ని నమ్మించింది. నాకు కోవిడ్ వచ్చినప్పుడు నాలుక బాగానే ఉంది, వాసనే పోయింది. కాఫీలో చేదూ తీపీ వేడీ మిగిలాయి, కాఫీ లేదు. చారులో పులుపూ ఉప్పూ తెలిశాయి, ఇంగువ పోపు ఎటు పోయిందో తెలీలేదు. నమిలేటప్పుడు నోటి వెనక దారిలోంచి ముక్కుకెక్కే వాసనల్నే మనం రుచి అంటున్నాం. 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ వాసన గ్రాహకాల జన్యువుల్ని కనిపెట్టారు. 2004లో నోబెల్ వచ్చింది. మనిషి ముక్కులో ఆ గ్రాహకాలు సుమారు 400 రకాలు. నాలుక్కి మూలరుచులు ఐదే.

పటం తప్పని తేల్చడానికి లాబ్ అక్కర్లేదు. చిటికెడు పంచదార నాలుక వెనకాల వేసుకుంటే చాలు. నేను ముప్పై దాటాక వేసుకున్నాను. తియ్యగానే ఉంది. పరీక్షలో ఆ బొమ్మ వేసినవాళ్ళు మీరూ ఓసారి వేసుకుని చూడండి.