వంశంలో లేని జబ్బు

కోలారు జిల్లా మాలూరులో పొద్దున్నే బెంగళూరు రైలెక్కేవాళ్లలో నిమ్హాన్స్ ఆసుపత్రికి పోయే రోగులూ ఉంటారు. వాళ్లలో కొందరికి నడుస్తుంటే కాలి చెప్పు జారిపోతుంది, జారిన సంగతే తెలియదు. వేడినీళ్లతో తలంటుకుంటే చూపు మసకబారి, ఒళ్లు చల్లబడ్డాక తేరుకుంటుంది. చూపు ఇలా కాసేపు మసకబారడాన్ని జర్మన్ కంటి వైద్యుడు ఉతాఫ్ 1890లోనే రాసిపెట్టాడు. ఈ నరాల జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని డాక్టరు అనగానే ఇంట్లో పెద్దలు అడిగేది ఒకటే: "మా వంశంలో ఎవరికీ లేదే, మేనరికం వల్ల వచ్చిందా?"

1868లో పారిస్‌లో నరాల వైద్యుడు షార్కో ఈ జబ్బుకు రూపురేఖలు గీసినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు లేదు. 1972లో రోగనిరోధక వ్యవస్థకు చెందిన హెచ్‌ఎల్‌ఏ జన్యువులతో దీనికి సంబంధం బయటపడింది. 1986లో కెనడాలో కవలల్ని చూశారు. ఒకే పోలిక కవలల 27 జంటల్లో ఇద్దరికీ జబ్బున్నవి 7. మిగతా 20 జంటల్లో జన్యువులు అవే, జబ్బు ఒక్కరికే! నాకైతే ఈ చరిత్ర అంతటిలో గట్టి సాక్ష్యం ఇదే. మేనరికంలో బయటపడే ఒంటి జన్యువు జబ్బుల కోవలోది కాదిది. 2019 నాటికి ముడిపడ్డ జన్యుస్థానాలు 233 తేలాయి, ఒక్కోదాని వాటా చాలావరకు పిసరంతే. 2022లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ పాత్రా బలపడింది.

జబ్బు రావడం ఒకటి, ముదరడం ఇంకొకటి. కొందరు జబ్బు వచ్చిన ఇరవై ఏళ్లకూ నడుస్తారు, కొందరికి త్వరగా కర్ర కావాలి. ఎందుకన్న దానికి తొలి జన్యు ఆధారం దొరకడానికి 2023 రావాల్సి వచ్చింది. 12,584 మంది రోగుల్ని పరిశీలిస్తే డీవైఎస్‌ఎఫ్, జెడ్‌ఎన్‌ఎఫ్638 జన్యువుల నడుమ ఉన్న చోట డీఎన్ఏలో ఒక తేడా కనిపించింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ అది వచ్చినవాళ్లకు కర్ర అవసరం సుమారు 3.7 ఏళ్లు ముందే పడుతోంది. జబ్బును రప్పించే జన్యువులు ఎక్కువగా రోగనిరోధక కణాల్లో పనిచేస్తే, ముదిరించే ఆనవాళ్లు మెదడు, వెన్నుపాముల్లో కనిపించాయి.

అయితే ఆ రోగులంతా యూరప్ మూలాలవాళ్లు. కోలారు రక్తంలో ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో ఇక్కడివాళ్లను పరీక్షించి చూడాల్సిందే. పైగా మన దగ్గర ఎంఎస్ అనుకున్న కేసులు కొన్ని వేరే జబ్బు, న్యూరోమైలైటిస్ ఆప్టికా. దాన్ని పట్టిచ్చే యాంటీబాడీ 2004లో గాని దొరకలేదు.

కాబట్టి ఓపీలో డాక్టరు జాతకంలా జన్యువుల చీటీ చదవడు. ఎమ్మారై చూసి, "నడవమ్మా" అంటాడు. ఆగకుండా ఎన్ని మీటర్లు పోయిందో రాసుకుంటాడు.