సర్వర్ల నిర్మాణం, నిర్వహణ: ఉపకరణాల ఎంపిక – విశాఖ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చే ఇసుక రేవు ముఖద్వారాన్ని పూడ్చివేయకుండా జానస్, విల్లెస్‌డన్ అనే పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపారు. అయినా పూడికతీత అవసరం తప్పలేదు. వెలుపలి రేవు ప్రారంభమైన 1976లోనే డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కూడా ఏర్పడింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. రేవును నిర్మించడం, దాని లోతును కాపాడుకోవడం వేర్వేరు పనులని ఈ నగర చరిత్ర చెబుతుంది. సర్వర్ల చరిత్రలోనూ ఈ విభజన కనిపిస్తుంది.

నిర్వహణ ఉపకరణాలు

సర్వర్లు ఏళ్ల తరబడి ఒకేచోట పనిచేసే యంత్రాలుగా ఉన్న కాలంలో, ఎవరో ఒకరు చేసే చిన్నచిన్న మార్పులు పూడికలా పేరుకుని, ఒకేలా ఉండవలసిన యంత్రాలు వేర్వేరుగా మారేవి. దీనికి పరిష్కారంగా 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ సీఎఫ్ఇంజిన్‌ను రూపొందించాడు. 2005లో పపెట్, 2009లో షెఫ్, 2012లో ఆన్సిబుల్ వచ్చాయి. యంత్రం ఎలా ఉండాలో ముందుగా రాసిపెడితే, తేడా వచ్చినచోట ఇవి సరిచేస్తాయి. పపెట్ సాధారణంగా ప్రతి 30 నిమిషాలకు ఒకసారి ఈ తనిఖీ చేస్తుంది.

నిర్మాణ ఉపకరణాలు

2006లో అమెజాన్ సర్వర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. పాత యంత్రాన్ని బాగుచేయడం కన్నా కొత్తది తెచ్చుకోవడం సులువైంది. 2011లో అమెజాన్ క్లౌడ్‌ఫార్మేషన్, 2014 జూలైలో హాషీకార్ప్ సంస్థ టెర్రాఫార్మ్ వెలువడ్డాయి. సర్వర్లు, నెట్‌వర్కులు, నిల్వ వ్యవస్థలు ఏవేవి ఉండాలో రాస్తే ఇవి నిర్మిస్తాయి.

హుద్‌హుద్ – ఎంపికకు కొలమానం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటింది. విద్యుత్తు, టెలిఫోన్ వ్యవస్థలు రోజుల తరబడి స్తంభించాయి. ఇటువంటి విపత్తులో యంత్రమే లేకుండాపోతే నిర్వహణ ఉపకరణానికి సరిచేయడానికి ఏమీ మిగలదు. నిర్మాణ వివరణ భద్రంగా ఉంటే మరో నగరంలో సర్వర్లను తిరిగి నిలబెట్టవచ్చు. వాటిలోని అమరికలను పునరుద్ధరించడానికి నిర్వహణ ఉపకరణం కావాలి. సమాచారాన్ని మాత్రం ఈ రెండూ కాపాడవు. దానికి వేరుగా నకళ్లు ఉంచుకోవలసిందే.

ముగింపు

ఆన్సిబుల్‌తో సర్వర్లను సృష్టించడమూ సాధ్యమే కనుక ఒక్కటి చాలదా అన్న ప్రశ్న తలెత్తుతుంది. సొంత యంత్రాలు దీర్ఘకాలం నడిపే పరిశ్రమకు నిర్వహణ ఉపకరణం ముందు అవసరం. అద్దె సర్వర్లను తరచూ మార్చే సంస్థకు నిర్మాణ ఉపకరణం ముందు అవసరం. రెండు రకాల యంత్రాలూ ఉన్నచోట రెండూ కావాలి. 2015లో ఆన్సిబుల్‌ను కొన్న రెడ్ హ్యాట్‌ను ఐబీఎం 2019లో సొంతం చేసుకుంది. 2025లో హాషీకార్ప్‌నూ కొన్నది. పోటీదారులుగా చర్చకు వచ్చిన ఆన్సిబుల్, టెర్రాఫార్మ్ ఇలా ఒకే యాజమాన్యం కిందకు చేరడం వాటి పరస్పర పూరకత్వానికి ఒక సూచన.