ఐర్లండ్ పాడి: ఎవరి చాకిరీ, ఎవరి డబ్బు

ఒకప్పుడు ఐర్లండ్‌లో డబ్బంటే ఆవే. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి బ్రెహన్ చట్టాలు మనిషి పరువు నష్టాన్ని కూడా పాడి ఆవుల్లో లెక్కగట్టాయి. సొత్తు యజమానిదే గానీ, పాడి చాకిరీ చాలావరకు ఆడవాళ్లదీ పిల్లలదీ.

మే 1న బెల్టేన్ పండుగ రాగానే పశువులు కొండెక్కేవి, నవంబరు 1 నాటికి దిగొచ్చేవి. ఊళ్లో చేలు వాటి నోట పడకుండా ఉండేవి. వెంట వెళ్లిన ఆడపిల్లలు రాతి గుడిసెల్లో ఉండి పాలు పితికి, వెన్న చిలికేవారు. అకిల్ దీవిలో ఇది ఇరవయ్యో శతాబ్దం దాకా సాగింది. చలికాలం వస్తే పడమటి తీరపు బీదల ఇళ్లలో ఒక కొసన పొయ్యి, రెండో కొసన ఆవులు, మధ్యలో మూత్రం బయటికి పోయే కాలువ. చూడవచ్చిన దొరలు అసహ్యించుకున్నారు. చలిలో ఒకరి వెచ్చదనం ఒకరికి దక్కే ఉపాయం అదేనని వాళ్లకు తట్టినట్టు లేదు.

పంది సంగతి వేరు. బంగాళదుంపలు తిని బలిసి, అమ్ముడై, ఇంటి కౌలు తీర్చేది. 1845లో దుంపకు తెగులు సోకడంతో దానికీ మేత కరువైంది.

1889లో లిమరిక్ జిల్లా డ్రమ్‌కోలఘర్‌లో మొదటి సహకార వెన్న కేంద్రం వచ్చింది. సరుకు మెరుగైంది, నిజమే. కానీ కవ్వం ఇల్లు దాటడంతో వెన్న డబ్బు ఆడవాళ్ల చేతి నుంచి జారింది. కోడిగుడ్ల డబ్బే వాళ్లకు మిగిలింది.

1937-39 మధ్య ఐరిష్ జానపద కమిషన్ బడిపిల్లల చేత ఊరి పెద్దల మాటలు రాయించింది. అందులో పశువుల సాకుడు కూడా ఒక అంశం. పాలు పితికాక నురగలో వేలు ముంచి ఆవు డొక్క మీద శిలువ గీయడం, దూడను ‘సక్ సక్’ అని పిలవడం, పొదగేసే గుడ్ల మీద గుర్తు పెట్టడం అన్నీ వాటిలో కనిపిస్తాయి. మే మొదటి రోజున గడప దాటించి పాలిస్తే పాడి పోతుందనే భయం కూడా ఉంది. ఇదంతా మూఢత్వమని నేననను. డబ్లిన్‌లో పశువైద్య కళాశాల తెరిచిందే 1900లో. అంతదాకా ఒక్క ఆవున్న ఇంటికి దిక్కెవరు?

1954లో ప్రభుత్వం పశువుల క్షయ నిర్మూలన మొదలుపెట్టింది. డాక్టరు ఆవు మెడ మీద రెండు సూదులు వేసి, మూడు రోజులకు మళ్లీ వచ్చి వాపు కొలుస్తాడు. వాపు హద్దు మీరితే ఆవు కబేళాకే. ఆ పరీక్ష ఇప్పటికీ ఏటా జరుగుతూనే ఉంది.