ఆయిల్ డబ్బా మీద ‘అప్రూవ్డ్’ అన్న మాట ఎవరిది?

మా నకరికల్లు అడ్డరోడ్డులో లారీలు, ట్రాక్టర్లు, బైకులు ఆగని రోజుండదు. అక్కడ ఆయిల్ డబ్బా కొనేవాళ్లు అడిగేది రెండే ప్రశ్నలు: ఎంత? మంచిదేనా? రెండోదానికి జవాబు డబ్బా వెనకాల సన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదివేవాళ్లు తక్కువ.

నేనూ చదవలేదు. కాలేజీ రోజుల్లో కారు ఆయిల్ తెచ్చి నా బైకులో పోశా. "పెట్రోల్ ఇంజిన్లకు రికమెండెడ్" అనే ఉంది మరి! నెల తిరక్కుండానే క్లచ్ జారడం మొదలైంది. ఎంత రైజ్ చేసినా ఇంజిన్ అరుపే తప్ప బండి లాగదు. చివరికి క్లచ్ ప్లేట్లు మార్పించాల్సి వచ్చింది. లేబుల్ అబద్ధం చెప్పిందా? లేదండీ. ఆ మాట ఎవరిదో నేను చూసుకోలేదు, అంతే.

కొంచెం చరిత్రలోకి వెళ్దాం. 1911లో అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం, అంటే ఎస్ఏఈ, ఇంజిన్ ఆయిల్‌కి ఒక కొలత పెట్టింది. ఇవాళ మనం చూసే 20డబ్ల్యూ-40 లాంటి అంకెలు ఆ దారిలో వచ్చినవే. అవి చిక్కదనం చెబుతాయి, నాణ్యత చెప్పవు.

1930లలో క్యాటర్‌పిల్లర్ డీజిల్ ఇంజిన్లలో మడ్డి పట్టి పిస్టన్ రింగులు బిగుసుకుపోయేవి. దాంతో ఆ కంపెనీయే ఆయిళ్లను తన ఇంజిన్లలో నడిపి చూడటం మొదలుపెట్టింది. ఇంజిన్ చేసినవాడే పరీక్షించి "సరే" అనడం, అప్రూవల్ అంటే అదీ. 1941లో అమెరికా సైన్యం కూడా ఇంజిన్ పరీక్షలతో సొంత స్పెసిఫికేషన్ పెట్టుకుంది.

మరి మామూలు జనానికి? 1947లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, మనం ఏపీఐ అంటాం, ఆయిళ్లకు రెగ్యులర్, ప్రీమియం, హెవీ డ్యూటీ అని పేర్లు పెట్టింది. 1970 ప్రాంతంలో ఇప్పటి అక్షరాలొచ్చాయి: పెట్రోల్‌కి ‘ఎస్’, డీజిల్‌కి ‘సి’. ఎస్ఎన్, సీఐ-4 అన్నీ ఆ వరసే. అక్షరాలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు కదా! అందుకే 1983లో గుండ్రటి ఏపీఐ గుర్తు వచ్చింది. దానికి లైసెన్సు కావాలి. మార్కెట్లో ఉన్న డబ్బాల్ని తీసుకెళ్లి కూడా పరీక్ష చేస్తారు.

ఇప్పుడు డబ్బా తిప్పండి. "ఎంబీ-అప్రూవల్ 229.5" అని ఉంటే, ఆ ఆయిల్‌ని మెర్సిడెస్ ఒప్పుకుంది. ఆ జాబితా వాళ్ల సైట్లోనే దొరుకుతుంది. "మీట్స్" అని ఉంటే, ఆ ప్రమాణానికి తగ్గట్టు ఉందని ఆయిల్ కంపెనీ చెప్పుకుంటోంది. నిజమే కావచ్చు, కానీ బండి కంపెనీ సంతకం లేదు. "రికమెండెడ్ ఫర్", "సూటబుల్ ఫర్" అంటే అమ్మేవాడి అభిప్రాయం. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, టెస్ట్ పాసైంది అనడం వేరు, పాసవుతుంది లెండి అనడం వేరు.

ఒక మెలిక ఉంది. ఇదే "రికమెండెడ్" మీ బండి మాన్యువల్‌లో ఉంటే, అది బండి చేసినవాడి మాట. దానికి విలువ ఇవ్వాల్సిందే.

నా బైకు సంగతికొస్తే, చాలా బైకుల్లో ఇంజిన్‌కీ, గేర్లకీ, క్లచ్‌కీ ఒకటే ఆయిల్. మైలేజీ కోసం కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు పెరిగాయి. క్లచ్‌కి ఆ రాపిడే కావాలి! అందుకే జపాన్ వాళ్లు 1998లో బైకులకు విడిగా జాసో ప్రమాణం తెచ్చారు. అందులో ‘ఎంఏ’ రకం క్లచ్ జారకుండా ఉండే బైకు ఆయిల్. ఇందులో కంపెనీ తానే పరీక్షించి నమోదు చేయించుకుంటుంది, ఆ నంబరు లేబుల్ మీదుండే చిన్న డబ్బాలో కనబడుతుంది.

కాబట్టి ముందు మాన్యువల్ తెరిచి ఆయిల్ పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. షాపులో ఒక్కో అక్షరం సరిపోల్చండి. ఐఎస్ఐ మార్కుంటే కింద సీఎం/ఎల్ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. "మంచిదేనా?" అని కాకుండా "ఈ మాట ఎవరిది?" అని అడగండి. ఇంజిన్ బోరుకొస్తే అయ్యే ఖర్చు ముందు ఆ రెండు నిమిషాలు ఎంతండీ! వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.